లూగర్ మాగజీన్ మీద నెంబరు చదవకండి, ముద్ర చూడండి

మీ ప్రశ్న ఇది: అమెరికాలో ఉంటున్నారు, పక్కవీధి పెద్దాయన 1917 నాటి లూగర్ పిస్తోలు, డీడబ్ల్యూఎం అనే జర్మన్ కంపెనీ చేసినది, అమ్ముతానంటున్నారు. మాగజీన్ (పిడిలోకి దూర్చే తూటాల పెట్టె) అడుగున ఉన్న నెంబరు పిస్తోలు నెంబరుతో కలుస్తోందని బాగా ఎక్కువ ధర చెబుతున్నారు. ఆ నెంబరు అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

పన్నెండేళ్లుగా నేను సేకరిస్తున్నవి ఈ లూగర్లే. నేను కొన్న రెండోది కూడా 1917దే. ఒహాయోలో ఒక గన్ షోలో దొరికింది. అమ్మే ఆయన గుడ్డ విప్పి, ఫ్రేము ముందువైపు ఒకటి, బ్యారెల్ కింద ఒకటి, మాగజీన్ అడుగు చెక్క మీద ఒకటి, మూడు నెంబర్లూ వరసగా చూపించాడు. నాలుగంకెలు, వాటి కింద చిన్న అక్షరం. అన్నీ కలిశాయి. మారు మాట్లాడకుండా డబ్బు కట్టేశాను.

ఆ రాత్రి వంటింటి బల్ల మీద దీపం పెట్టుకుని కూర్చున్నాను. మా నాన్న తెనాలిలో బంగారం పని చేసేవారు. ఆయన కంటికి పెట్టుకునే భూతద్దం ఇప్పుడు నా దగ్గరుంది. చిన్నప్పుడు ఆయన పదే పదే ఒక మాట చెప్పేవారు: "ముద్ర కొడితే లోహం ఎక్కడికీ పోదురా, పక్కకి తప్పుకుంటుంది." ఫ్రేము మీద అంకెల చుట్టూ అదే కనబడింది. ప్రతి అంకె చుట్టూ పొలం గట్టులా సన్నగా లేచిన అంచు, గోరుతో గీస్తే తగులుతోంది. ఇది ఎవరూ ముట్టని ముద్ర.

తర్వాత మాగజీన్ తిప్పి చూశాను. వందేళ్ల చెక్క కదా, చేతి జిడ్డు, నూనె పట్టి నల్లబడింది. కానీ అంకెల లోతులో చెక్క అప్పుడే చెక్కిన పెన్సిల్ రంగులో ఉంది. చుట్టూ గరుకు కాగితంతో రుద్దిన గీతలు, అన్నీ ఒకే వైపుకి. దీపం పక్కకి జరిపి ఏటవాలుగా వెలుగు పడేలా పట్టుకుంటే, ఆఖరి అంకె కింద లీలగా ఒక ప్లస్ గుర్తు చెయ్యి బయటపడింది. గుండె జారిపోయింది.

ఆ ప్లస్ ఎందుకంటే, కైజర్ (జర్మన్ చక్రవర్తి) కాలపు సైన్యంలో ఒక్కో లూగర్‌కి రెండు మాగజీన్లు ఇచ్చేవారు. రెండింటి మీదా పిస్తోలు నెంబరే ఉంటుంది, రెండోది స్పేర్ అని తెలియడానికి ప్లస్ కొట్టేవారు. అంటే నా చేతిలో ఉన్నది ఇంకెవరిదో పిస్తోలు స్పేర్ మాగజీన్. దాని నెంబరు అరగదీసి, నా పిస్తోలు నెంబరు కొట్టారు. మర్నాడు అమ్మినాయనకి ఫోన్ చేస్తే "నేనూ అలాగే కొన్నాను" అన్నాడు. అంతే.

రెండు యుద్ధాల్లోనూ పట్టుబడ్డ పిస్తోళ్లు ఒకచోట కుప్పలు పడ్డాయి. అందులోంచి ఏరుకుని జ్ఞాపకంగా ఇంటికి తెచ్చుకున్న సైనికుడు నెంబరు చూసి మాగజీన్ పెట్టుకున్నాడా? అందుకే అసలు జత అరుదు, ధర ఎక్కువ, అబద్ధాలూ ఎక్కువే. నన్నడిగితే ఈ రోజుల్లో "మ్యాచింగ్" అని అమ్మేవాటిలో సగానికి పైగా ఇలాంటివే.

నా కోపం ఇంకా ఎక్కువ పాలిష్ కొట్టేవాళ్ల మీద. మెరిపిస్తే ధర వస్తుందని ముద్రల చుట్టూ ఉన్న ఆ గట్టుని చదును చేసేస్తారు. ఉన్న ఒక్క సాక్ష్యం పోతుంది. పిడికి నల్ల ప్లాస్టిక్ పట్టీలున్న, 1941, 42లో మౌజర్ కంపెనీ చేసిన లూగర్లకి "బ్లాక్ విడో" అని పేరు పెట్టి అమ్మడం ఇంకో పని. ఆ పేరు జర్మన్ సైన్యం పెట్టింది కాదు, వ్యాపారులు పెట్టింది.

తేడాగా కనబడి కంగారు పెట్టే సరైన గుర్తులూ ఉన్నాయి. ఛాంబర్ (తూటా కూర్చునే గది) మీద 1917తో పాటు 1920 కూడా ఉంటే భయపడకండి. మొదటి యుద్ధంలో జర్మనీ ఓడిపోయాక వచ్చిన ప్రభుత్వం, ఇది సర్కారు సొత్తు అని తెలియడానికి కొట్టిన ముద్ర అది. బ్యారెల్ కింద 8,82 లాంటి అంకె ఉంటే అది బోరు కొలత, అంటే గొట్టం లోపలి వెడల్పు, మిల్లీమీటర్లలో. జర్మన్లు దశాంశ చుక్క బదులు కామా పెడతారు. ఒకాయన దాన్ని నకిలీ సీరియల్ నెంబరనుకుని మంచి పిస్తోలు వదులుకున్నాడు, నాకు ఇప్పటికీ బాధే.

ఇక మీ పెద్దాయన పిస్తోలు. ముందు మాగజీన్ తీసి, టాగుల్ (పైనున్న మడత కీలు) వెనక్కి లాగి ఛాంబర్ ఖాళీయేనని కళ్లతో చూడండి. లోపల తూటా ఉంటే ఎక్స్‌ట్రాక్టర్ (తూటాని బయటికి లాగే కొక్కెం) పైకి లేచి, పక్కన "గెలాడెన్" అన్న అక్షరాలు కనబడతాయి. జర్మన్‌లో "నింపి ఉంది" అని అర్థం. తర్వాత మాగజీన్ రకం చూడండి. 1917 దానికి అడుగు చెక్కదే ఉండాలి, పక్కలకి వేళ్లు పట్టే చోట గుండ్రటి వలయాలు ఉండాలి. అడుగు అల్యూమినియం అయితే అది మొదటి యుద్ధం తర్వాతది. మాగజీన్ ఒంటి మీద "పి.08", "ఎఫ్ఎక్స్ఓ" అని ఉంటే రెండో యుద్ధ కాలంలో హేనెల్ కంపెనీ చేసినది. నెంబరు ఎంత బాగా కలిసినా అది ఈ పిస్తోలుది కాదు.

చెక్కదే అయితే పక్క వెలుగులో అంకెల లోతు ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. లోపలా బయటా ఒకే నలుపు ఉండి, రుద్దిన గీతలు లేకపోతే ఆయన అడిగింది ఇచ్చేయండి. అనుమానం ఉంటే పిస్తోలుకి ఒక ధర, విడి మాగజీన్‌కి ఒక ధర కట్టి చెప్పండి. నేనైతే నెంబరు కలవకపోయినా ఎవరూ ముట్టని చెక్క మాగజీన్‌తోనే తీసుకుంటాను. ఆ 1917 దానికి ఇప్పుడు నేను పెట్టింది అలాంటిదే, వేరే నెంబరుది.