మంచం సరే, రోజూ మడిచేదెవరు?

ప్రశ్న: మాది ఒకే బెడ్‌రూమ్ ఉన్న ఫ్లాట్. బెడ్‌రూమ్‌లో నేనూ మావారూ, హాల్లో మా అత్తగారు పడుకుంటాం. హాలు 10 అడుగుల వెడల్పు, 13 అడుగుల పొడవు. పాత సోఫా తీసేసి సోఫా కమ్ బెడ్ కొందామని మావారు అంటున్నారు. గోడకు మడిచేసే మంచమైతే పగలు హాలు ఖాళీగా ఉంటుందని నా ఆలోచన. ఏది మంచిదో చెప్పండి మేడమ్.
– ఓ కోడలు

జవాబు: వాదన మీ ఇద్దరిదీ, పడుకునేది మాత్రం అత్తగారు. ఆవిడను అడిగారా అమ్మా? మోకాళ్ల నొప్పులున్నాయా, రాత్రి లేస్తారా, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చే అలవాటుందా? ఇవి తెలిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు మీ ఇంట్లోనే దొరుకుతుంది.

రెండు పనులకు పనికొచ్చే సామాను కొనేటప్పుడు మనం ఆ రెండు పనులే చూస్తాం. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చడమనే మూడో పని ఒకటుంది. ఆ పని ఎవరు చేస్తారు, రోజుకు ఎన్నిసార్లు చేయాలి, ఎంత బరువు ఎత్తాలి? నేను చూసేది ముందు అదే. షోరూమ్‌లో సేల్స్‌మన్ ఒంటిచేత్తో లాగి మంచం చేసి చూపిస్తాడు. అక్కడ సోఫా ముందు టీపాయ్ ఉండదు, టీపాయ్ మీద పేపర్లుండవు, దుప్పట్లు ఎక్కడ సర్దాలన్న గొడవ ఉండదు. మీ ఇంట్లో ఇవన్నీ ఉంటాయి. అందుకే నేను చూసిన చాలా ఇళ్లలో సోఫా కమ్ బెడ్ కొన్నాళ్లకు ఏదో ఒకటిగా స్థిరపడిపోతుంది. ఎప్పుడూ పరిచిన మంచంలా హాలంతా ఆక్రమించి ఉంటుంది, లేదంటే సోఫాగానే మిగిలిపోయి, ఆ మనిషి దానిమీదే ముడుచుకుని పడుకుంటారు.

రోజూ పడుకోవడానికి సోఫా కమ్ బెడ్ అంటే నాకు పడదు, దాచుకోవడం ఎందుకు? కారణాలు కూడా చెబుతాను. కిందినుంచి లాగి తెరిచే రకమైతే, తెరిచాక గోడనుంచి ఏడు, ఏడున్నర అడుగుల దాకా వస్తుంది. మీ హాలు వెడల్పు 10 అడుగులు. ఏడున్నర పోతే మిగిలేది రెండున్నర. అందులో టీవీ యూనిట్ ఒకటింపావు అడుగు తీసుకుంటుంది. మిగిలిన ఒకటింపావు అడుగులోంచి అర్ధరాత్రి చీకట్లో మీ అత్తగారు బాత్‌రూమ్‌కు వెళ్లాలి. మనిషి తడుముకోకుండా నడవాలంటే కనీసం రెండు అడుగుల దారి కావాలి. ఇక వీపు భాగాన్ని వెనక్కి పడేసే రకానికి గోడకూ సోఫాకూ మధ్య ఖాళీ వదలాలి. వదలకపోతే రాత్రి పడుకునే ముందు సోఫాను ముందుకు ఈడ్చాలి, పొద్దున్నే వెనక్కి నెట్టాలి. పైగా మడతపడాల్సిన పరుపు కాబట్టి పలచగా ఉంటుంది. కొన్నింటిలో కింది ఇనుప కడ్డీ నడుముకు తగులుతూనే ఉంటుంది. ఎప్పుడో ఏడాదికోసారి వచ్చే చుట్టాలకు సరిపోతుంది, రోజూ పడుకునే పెద్దవాళ్లకు కాదు.

మీరు చెప్పిన గోడమంచం దీనికంటే చాలా నయం. అది కొత్త ఆలోచన కూడా కాదు. షికాగోలో ఫర్నిచర్ దుకాణం నడిపిన సారా గూడ్ అనే ఆవిడ, మడిస్తే రాత బల్లగా మారే మంచానికి 1885లోనే అమెరికా పేటెంట్ సంపాదించారు. ఇరుకు గదుల్లో బతికే తన కొనుగోలుదార్ల కోసమే ఆవిడ దాన్ని తయారుచేశారు. చూడండి, బాధ ఎంత పాతదో! గోడమంచంలో పరుపు మడతపడదు, మంచంతోపాటే నిలబడుతుంది. కాబట్టి మామూలు పరుపు వేసుకోవచ్చు. కానీ ఆ బరువును మోసే స్ప్రింగులు, గ్యాస్ రాడ్లు ఒక లెక్క ప్రకారం బిగించి ఉంటాయి. మీరు తర్వాత బరువైన పరుపు మార్చారనుకోండి, దించేటప్పుడు మంచం చేతిలో ఆగదు. మరీ తేలికది వేస్తే మంచం సరిగా కిందికి దిగదు. ఎంత మందం, ఎంత బరువు పరుపు దాకా పనికొస్తుందో కొనేముందే రాయించుకోండి. గట్టి గోడకే బిగించాలి, బోలుగా ఉండే పార్టిషన్ గోడకు బిగించకూడదు.

అయినా మీ అత్తగారికి నేను ఈ రెండూ చెప్పను. పొడుగాటి గోడను ఆనించి 3 అడుగుల వెడల్పు, ఆరుంపావు అడుగుల పొడవు సింగిల్ మంచం ఒకటి వేయండి. పరుపుతో కలిపి ఎత్తు 18 అంగుళాలు ఉండాలి. అంతకన్నా కిందికుంటే మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు లేవడం కష్టం. 3 అడుగుల లోతు కూర్చోవడానికి ఎక్కువ, వీపు గోడకు ఆనదు. అందుకని గోడవైపు అడుగు మందం గట్టి దిండ్లు వరసగా పెట్టించండి. కూర్చోవడానికి రెండు అడుగులు మిగులుతుంది, అది సరిగ్గా సోఫా కొలత. రాత్రికి ఆ దిండ్లు తీసి పక్కన పెట్టడమే పని. మంచం కింద రెండు డ్రాయర్లు చేయిస్తే ఆవిడ దుప్పట్లు, బట్టలు అక్కడే ఉంటాయి. మధ్యాహ్నం నడుం వాల్చాలన్నా ఎవరినీ అడగక్కర్లేదు, ఏదీ లాగక్కర్లేదు.

ప్రశ్న: బెడ్‌రూమ్‌కు స్టోరేజ్ మంచం చేయించుకుంటున్నాం. డ్రాయర్లు మంచివా, పైకెత్తే హైడ్రాలిక్ మంచిదా? గది చిన్నది, మంచానికి ఒకవైపు గోడ ఉంది, రెండోవైపు రెండు అడుగుల జాగా ఉంది.
– ఓ పాఠకుడు

జవాబు: మీ కొలతల్ని బట్టి చూస్తే డ్రాయర్లు కుదరవు. రెండు అడుగుల లోతున్న డ్రాయర్‌ను లాగితే ఎదుటి గోడకు తగులుతుంది. మీరు నిలబడేదెక్కడ? డ్రాయర్ పొడవుతోపాటు మనిషి వంగే జాగా కూడా లెక్కలో వేసుకోవాలి. దీన్ని చాలామంది మరిచిపోతారు, చేసేవాళ్లూ గుర్తు చేయరు.

పైకెత్తేదైతే కాళ్లవైపు నుంచి తెరుచుకునేలా చేయించండి. దాన్ని ఎత్తి పట్టుకునే రాడ్లలో ఒత్తిడితో నింపిన నైట్రోజన్ గ్యాస్ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఒత్తిడి తగ్గుతుంది. ఎత్తిన మంచం నెమ్మదిగా దిగజారుతోందంటే మార్చే టైమ్ వచ్చిందని అర్థం. అప్పుడు ఒక్కటే మార్చొద్దు, రెండూ కలిపి మార్చండి. రాడ్ మీద దాని బలం న్యూటన్లలో అచ్చువేసి ఉంటుంది, అదే అంకె ఉన్నది అడిగి తెచ్చుకోండి. ఈలోగా మంచం లోపలికి తలపెట్టి వెతికే పని చేయొద్దు. పిల్లలుంటే మరీ జాగ్రత్త.

ఒక సంగతి. పరుపుతో సహా ఎత్తాలి కాబట్టి రోజూ కావాల్సినవి అందులో పెట్టకండి. సూట్‌కేసులు, చలికాలం రగ్గులు, అదనపు దిండ్లు పెట్టుకోండి. తడి ఆరని బట్ట ఒక్కటి పెట్టినా బూజు వాసన మొత్తానికి పడుతుంది. అడుగు పలకకు నాలుగు చిల్లులు పెట్టించండి, గాలాడుతుంది.

ప్రశ్న: ఇంటినుంచే పని చేస్తాను. భోజనాల బల్లనే ఆఫీస్ బల్లగా వాడుకోవచ్చా? గోడకు మడిచే బల్ల కొంటే సరిపోతుందా? ఇంట్లో ఇద్దరమే.
– ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: ఎత్తు విషయంలో ఇబ్బంది లేదు. రెండు బల్లలూ ఇంచుమించు 29, 30 అంగుళాల ఎత్తే ఉంటాయి. టెన్షన్ అంతా బల్ల మీద పేరుకునే సరుకుతోనే. అడ్డంగా పలక కనబడితే చాలు, దాని మీదికి తాళాలు, బిల్లులు, హెడ్‌ఫోన్లు, సగం చదివిన పుస్తకాలు వచ్చి చేరతాయి. మా ఇంట్లోనూ అంతే. అవి ఉన్నంతవరకు మడత బల్ల మడతపడదు. కాబట్టి బల్లకన్నా ముందు, కుర్చీలోంచి లేవకుండానే చేయి అందేంత దూరంలో, తలుపున్న చిన్న అల్మారా ఒకటి చూసుకోండి. పని అయిపోగానే ల్యాప్‌టాప్, ఛార్జర్, కాగితాలు అందులోకి వెళ్లిపోవాలి. ప్లగ్ కూడా ఆ అల్మారా పక్కనే ఉంటే వైర్లు నేలమీద పాకవు. పెద్ద మానిటర్ వాడేవాళ్లైతే దాన్ని గోడకే బిగించేయండి. రోజూ దించి ఎత్తి పెట్టే ఓపిక ఎవరికీ ఉండదు.

ల్యాప్‌టాప్‌కు 20 అంగుళాల లోతు సరిపోతుంది. ఒక మనిషి మోచేతులు తగలకుండా తినడానికి 24 అంగుళాల వెడల్పు కావాలి, కాబట్టి ఇద్దరికి పక్కపక్కన 4 అడుగుల బల్ల. కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి బల్ల అంచునుంచి ఇంకో 30 అంగుళాలు వదలండి. గోడ బ్రాకెట్ల మీద ఎంత బరువు మోస్తాయో రాసి ఉంటుంది. అది మెల్లగా పెట్టిన బరువుకు చెప్పిన లెక్క. మోచేతులు మోపి మనిషి బలంగా వాలితే అది వేరే లెక్క. ఫ్యాన్ తుడవడానికి దాని మీద ఎక్కే పని అసలే వద్దు. గోడకు కాకుండా నేలమీద నిలబడే, పక్క రెక్కలు కిందికి దించుకునే బల్ల తీసుకుంటే ఒకసారి కూర్చుని చూడండి. కొన్నింటిలో రెక్కను మోసే కాలు సరిగ్గా మన మోకాలి దగ్గరికొస్తుంది.

ప్రశ్న: మడిచే ఫర్నిచర్‌లో పార్టికల్ బోర్డు వాడొచ్చా? ప్లైవుడ్ అయితే ఖర్చు బాగా పెరుగుతోంది.
– పేరు రాయని పాఠకురాలు

జవాబు: కదలని చోట వాడండి, కదిలేచోట వద్దు. పార్టికల్ బోర్డు అంటే చెక్క పొట్టును జిగురుతో అదిమిన పలక. మడతబందు పదేపదే తెరిచి మూస్తుంటే స్క్రూ దగ్గర పొట్టు రాలి పట్టు వదిలేస్తుంది. ఒకసారి ఊడిన చోట మళ్లీ అదే స్క్రూ బిగదు. అంచుల్లోకి నీళ్లు దిగితే ఉబ్బుతుంది, మళ్లీ మామూలుకు రాదు. అందుకని మంచం ఫ్రేమ్, బల్ల రెక్కలు, మడతబందులు పట్టే నిలువు పలకలు ప్లైవుడ్‌తోనో ఇనుముతోనో చేయించండి. అల్మారా పక్కలకు, తేలికపాటి అరలకు పార్టికల్ బోర్డు పెట్టి ఖర్చు తగ్గించుకోండి. పుస్తకాల అర అయితే మాత్రం 18 మిల్లీమీటర్ల పార్టికల్ బోర్డు రెండు అడుగులు దాటితే కొన్నాళ్లకు మధ్యలో కిందికి వంగుతుంది. మధ్యలో ఒక నిలువు చెక్క పెట్టించండి. అద్దె ఇళ్లు మారేవాళ్లైతే మరీ ఆలోచించుకోవాలి. ఒకట్రెండుసార్లు విప్పి బిగించేసరికి ఆ జాయింట్లు వదులవుతాయి.

ప్రశ్న: మా పిల్లలకు తొమ్మిదేళ్లు, నాలుగేళ్లు. ఒకదానిమీద ఒకటి ఉండే మంచం కొంటే చిన్నాడు పైదే కావాలంటున్నాడు.
– ఇద్దరు పిల్లల తల్లి

జవాబు: వద్దు. ఆరేళ్లు నిండేదాకా పై మంచం మీద పడుకోబెట్టకూడదు. ఎంత ఏడ్చినా సరే. పెద్దాడు పడుకున్నా సరే, పై మంచం అంచులకు ఉండే కంచె, పరుపు పైనుంచి కనీసం 5 అంగుళాలు లేచి ఉండాలి. ఇక్కడే మోసం జరుగుతుంది: మెత్తగా ఉంటుందని మందపాటి పరుపు వేస్తాం, కంచె కాస్తా దానికింద దాక్కుంటుంది. పైన కూర్చుంటే తల సీలింగ్‌కు తగలకూడదు. సీలింగ్ ఫ్యాన్ రెక్కలు చేతికి అందే చోట ఈ మంచం వేయనే వేయొద్దు.

ప్రశ్న: వచ్చే నెల చిన్న ఫ్లాట్‌లోకి మారుతున్నాం. ఇప్పుడే అన్నీ ఆర్డర్ ఇచ్చేస్తే దిగేసరికి వచ్చేస్తాయి కదా. ముందుగా ఏవి కొనాలి?
– కొత్తగా పెళ్లైన జంట

జవాబు: పరుపు కొనండి. మిగతావి ఆపండి. కొన్నాళ్లు ఆ ఇంట్లో ఉంటే మీరిద్దరూ ఎక్కడ కూర్చుంటున్నారో, బ్యాగులు ఎక్కడ పడేస్తున్నారో, వెలుతురు ఏ మూలకు వస్తుందో తెలుస్తుంది. అప్పుడు కొనదలచిన సామాను కొలతతో నేలమీద పాత న్యూస్‌పేపర్లు పరవండి. మూసినప్పటి కొలత కాదు, పూర్తిగా తెరిచినప్పటిది. రెండు రోజులు ఆ పేపర్లను తొక్కకుండా తిరిగి చూడండి. అల్మారా తలుపు, బాల్కనీ తలుపు, బాత్‌రూమ్ తలుపు అన్నీ తెరిచి చూడండి.

ఆర్డర్ ఇచ్చేముందు లిఫ్ట్ తలుపు వెడల్పు, లిఫ్ట్ లోపలి ఎత్తు, మెట్ల మలుపు కొలుచుకోండి. సోఫా ఒక్క ముక్కగా వస్తుందా, విడి భాగాలుగా వస్తుందా అని అడగండి. విడి భాగాలైతే, ఇల్లు మారేటప్పుడు వాటిని మీరే విప్పుకోవచ్చా లేక వాళ్ల మనిషే రావాలా అన్నది కూడా బిల్లు కట్టకముందే తేల్చుకోండి.