పిల్లలతో మొదటిసారి విమానమెక్కుతున్న తమ్ముడికి

తమ్ముడూ, హన్మకొండ నుంచి భార్యనీ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని మొదటిసారి డాలస్ వస్తున్నాను, ఏమేం చూసుకోవాలి అని అడిగావు. వీసా కాగితాలు, ఎన్ని పెట్టెలు, ఎన్ని కిలోలు, ఇవన్నీ టికెట్ మీదా విమానం కంపెనీ సైట్‌లోనూ ఉంటాయి, ఓపికగా చదువుకో. నేను చెప్పేది పైసల గురించి. ఇంటి గడప దాటింది మొదలు ఇక్కడ అపార్ట్‌మెంట్ తాళం తీసేదాకా టెన్షన్‌లో చెయ్యి జేబులోకి పోతూనే ఉంటుంది. మొదటి జీతం పడేదాకా ఆ డబ్బే నీకు ఆధారం.

నేను 2009లో వచ్చాను. నా భార్య, నాలుగేళ్ళ బిడ్డ, తొమ్మిది నెలల కొడుకు, సాగనంపడానికి రెండు సుమోల నిండా చుట్టాలు. అప్పుడు అటువైపు ఔటర్ రింగ్ రోడ్డు పూర్తి కాలేదు, జనగామ, భువనగిరి దాటి ఉప్పల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని శంషాబాద్ చేరేసరికి అందరికీ గుండె దడ. (ఇప్పుడు ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కితే నేరుగా పోవచ్చు, అయినా మూడు గంటల ముందే ఉండు.) పెట్టెల్లో ఒక్కదాన్నే కిరాణా షాపు కాంటా మీద తూచి, మిగతావి చేత్తో లేపి చూసి సరిపోతాయిలే అనుకున్నాం. కౌంటర్ దగ్గర ఒకటి 27 కిలోలు, ఇంకొకటి 26. ఉండాల్సింది 23. వెనక క్యూ, చంకలో కొడుకు ఏడుపు, పక్కకు వెళ్ళి సర్దుకోమని కౌంటర్‌లో ఉన్న ఆమె మంచిగానే చెప్పినా నా బుర్ర పనిచేయలేదు, అడిగినంత కట్టేశాను. డాలర్ అప్పుడు 50 రూపాయల లోపే, అయినా ఆ సొమ్ముతో ఇక్కడ రెండు వారాల ఇంటి సామాను వచ్చేది. ఇంతా చేసి ఆ పెట్టెల్లో బరువెక్కువ దేనిదంటే కందిపప్పు, బియ్యప్పిండి! అవి ఇక్కడ ఏ ఇండియన్ షాపులో అయినా దొరుకుతాయి. మీ అమ్మ చేసిన సకినాలు, చపాటా మిరపకాయల పచ్చడి దొరకవు, కిలోలు వాటికి ఖర్చు పెట్టు.

పచ్చడి, నెయ్యి పెద్ద పెట్టెలోనే పెట్టు, చేతి సంచీలో 100 మిల్లీలీటర్లు దాటితే తీసేస్తారు. మటన్ పచ్చడి అసలే వద్దు. అమెరికాలో దిగాక తినేవి ఏమైనా ఉన్నాయా అని అడిగితే ఉన్నాయనే చెప్పు, దాచిపెడితే జరిమానా. ఇంకొకటి మీ ఆవిడకి తప్పకుండా చెప్పు. 2023లో మేం ఇండియా వచ్చి తిరిగి వెళ్తుంటే మా అత్తగారు ఒడిబియ్యం పోసి, ఆ కుడుకలు కూడా పెట్టెలో సర్దారు. ఎండుకొబ్బరి నిప్పంటుకునే వస్తువట, స్కానింగ్‌లో పట్టుకుని మమ్మల్ని పిలిచి పెట్టె విప్పించారు. పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి కళ్ళముందే తీసి పక్కన పెడుతుంటే నా భార్య ఏడ్చింది. ఇండియా నుంచి బియ్యం కూడా అమెరికాలోకి రానివ్వరు, బియ్యం, కుడుకలు రెండూ ఇంట్లోనే ఇచ్చి రండి.

విమానం మారడానికి మధ్యలో దుబాయ్‌లో దిగాక అసలు ఖర్చు మొదలవుతుంది. మా బిడ్డ ఆకలి అన్నది, సాండ్‌విచ్ కొన్నాను, ఒక ముక్క కొరికి వద్దంది. నీళ్ళ సీసాలు, జ్యూసు, మళ్ళీ ఇంకో సీసా. ప్రతిదాన్నీ రూపాయల్లోకి మార్చుకుంటూ కూర్చున్నాను, కానీ కొన్నాక మార్చుకుని ఏం లాభం. ఇప్పుడు మేం ఖాళీ సీసాలు తీసుకెళ్ళి సెక్యూరిటీ దాటాక నింపుకుంటాం. సర్వపిండి ముక్కలు, చపాతీలు చేతి సంచీలో పెట్టుకుని ఆఖరి విమానం దిగేలోపు తినేస్తాం. చంటివాడి పాలకి 100 మిల్లీలీటర్ల లెక్క లేదు, పట్టుకెళ్ళు, దిగేటప్పుడు తాగిస్తే చెవులు నొప్పెట్టవు. పెద్దపిల్లకి చాక్లెట్ చప్పరించమని ఇవ్వు. పిల్లల భోజనం 24 గంటల ముందే చెప్పుకుంటే విడిగా పైసలు అడగరు. చంటివాడికి ఊయల కావాలంటే టికెట్ కొన్న రోజే ఫోన్ చెయ్యి, తర్వాత మిగలవు.

సీట్ల దగ్గర మాత్రం నేను పిసినారితనం చెయ్యమనను. మాకు మూడు చోట్ల వచ్చాయి, బిడ్డ అమ్మ కోసం ఏడుస్తుంటే కరీంనగర్ పెద్దమ్మ ఒకావిడ తన కిటికీ సీటు ఇచ్చి లేచిపోయింది. ప్రతిసారీ అలాంటి పెద్దమ్మ దొరకదు. ఆన్‌లైన్ చెక్-ఇన్ తెరిచిన నిమిషంలోనే కూర్చుని చూడు, అప్పటికీ పక్కపక్కన రాకపోతే పెద్ద విమాన ప్రయాణానికి మాత్రం సీట్లకి పైసలు కట్టు, చిన్నదానికి వద్దు.

ఇక్కడ దిగాక చాలా ఎయిర్‌పోర్టుల్లో ట్రాలీకి కూడా డబ్బు కట్టాలి, చిన్న డాలర్ నోట్లు కొన్ని ముందే బ్యాంకులో తీసుకో, ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో మార్చకు. కొక్కెం ఉన్న చిన్న తూకం మిషన్ కొనుక్కుని అన్ని పెట్టెలూ ఇంట్లోనే తూచు, బయల్దేరేటప్పుడు దాన్ని అక్కడే వదిలి రాకు, తిరిగి వెళ్ళేటప్పుడు చుట్టాలకు కొన్నవాటి బరువు ఇంకా ఎక్కువుంటుంది.