మాటలు లేని చిత్రానికి రాయడం: ఒక యువ రచయిత్రికి లేఖ

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూళ్లు కట్టే పక్షుల మీద నువ్వు రాసి పంపిన పది నిమిషాల యానిమేషన్ స్క్రిప్టు చదివాను. మూడు నుంచి ఐదేళ్ల లోపు పిల్లల కోసం, ఒక్క మాట కూడా లేకుండా, చూస్తున్నంతసేపూ వాళ్ల మనసు కుదుటపడేలా ఒక చిత్రం తీయాలన్న సంకల్పం మంచిది. అయితే స్క్రిప్టుకు జతచేసిన ఉత్తరంలో, మాటలు లేవు కనుక రచయితగా నీ పని తక్కువేనని రాశావు. నాకు పేచీ అక్కడే ఉంది. సంభాషణ ఉన్న చిత్రంలో సన్నివేశం అతకకపోయినా పాత్ర నోటి వెంట ఒక మాట పలికించి నెట్టుకురావచ్చు. మాట తీసేసిన చోట ఏది ముందు, ఏది తరువాత, ఏది ఎంతసేపు అనే నిర్ణయాలు తప్ప రచయిత చేతిలో మరేమీ మిగలదు. ఆ నిర్ణయాలు సరిగ్గా కుదిరితే, తరువాత ఏం రాబోతోందో పసివాడు ముందే ఊహిస్తాడు, ఊహించినదే తెర మీదికి వస్తుంది. పిల్లల మనసును నెమ్మదింపజేసేది ఆ కుదురేనని నా నమ్మకం. మెత్తటి రంగులూ వేణునాదమూ దాని తరువాతి సంగతులు.

నీ మొదటి పుటలోనే "కొంగ ఆనందంగా రెక్కలు విప్పింది", "ప్రకృతి అంతా ప్రశాంతంగా ఉంది" అనే వాక్యాలు ఉన్నాయి. కథలో అయితే వీటిని క్షమించవచ్చు గానీ, ఇక్కడ ఇవి యానిమేటర్‌కు ఏ పనీ చెప్పవు. ఆనందం అనే మాట చూసి అతడు కొంగ ముక్కుకు చిరునవ్వు గీస్తాడు, కళ్లకు రెప్పవెంట్రుకలు పెడతాడు, అప్పుడది కొంగ కాకుండా పోతుంది. దానికి బదులు, "రెల్లు ఊగుతుంది. ఆగుతుంది. కొంగ తల ఎడమకు తిప్పుతుంది. నాలుగు సెకన్ల పాటు మరేమీ జరగదు. ఎడమవైపు నుంచి రెండో కొంగ వాలుతుంది" అని రాసి చూడు. చూసే పిల్ల ఆ నాలుగు సెకన్లలో కొంగ చూసిన వైపే తానూ చూస్తుంది, అటునుంచి ఏదో వస్తుందని ఎదురుచూస్తుంది. ఆ ఎదురుచూపే నీ కథ.

అందుకే పుటను మూడు నిలువు గడులుగా విభజించుకోమని చెబుతున్నాను: కనబడేది ఒకదానిలో, వినబడేది మరొకదానిలో, సెకన్లు మూడోదానిలో. నువ్వు మొదటిది నిండుగా రాశావు, రెండోది అక్కడక్కడా రాశావు, మూడోది అసలు గీయనే లేదు. సెకనుకు 24 ఫ్రేములు నడిచే చిత్రంలో ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు కావాలి. చేత్తో గీసే పద్ధతిలో పది నిమిషాలూ ఎడతెగకుండా కదిలితే 7,200 బొమ్మలు అవుతాయి. ఏమీ జరగని నాలుగు సెకన్లు పిల్లలకూ మేలు, నిర్మాతకూ మేలు. అయితే తెర మీద పూర్తిగా కదలిక ఆగితే బొమ్మ చచ్చినట్టు కనబడుతుంది కనుక ఆ నిశ్చలంలో కదిలే వస్తువు ఒకటి ఉండాలి: నీటి మీద ఒక అల, చింతకొమ్మ చివర ఒక రెమ్మ. అది ఏదన్నది రచయితే రాయాలి.

నెమ్మదిగా నడిపితే చాలు కదా అని నువ్వు అడగవచ్చు. 2011లో అమెరికాలో ఏంజెలిన్ లిలర్డ్, జెన్నిఫర్ పీటర్సన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు నాలుగేళ్ల పిల్లలు 60 మందితో ఒక ప్రయోగం చేశారు. దృశ్యాలు సగటున 11 సెకన్లకొకసారి పూర్తిగా మారిపోయే బొమ్మల కార్యక్రమాన్ని తొమ్మిది నిమిషాలు చూసిన పిల్లలు, ఆ వెంటనే పెట్టిన ఏకాగ్రత, నిగ్రహ పరీక్షల్లో, బొమ్మలు గీసుకుంటూ కూర్చున్న పిల్లల కంటే వెనుకబడ్డారు. ఈ ఫలితాన్ని చాలామంది వేగానికే ఆపాదించారు. లిలర్డ్ బృందమే 2015లో మరికొన్ని ప్రయోగాలు చేసి, వేగం కన్నా లోకంలో జరగడానికి వీలులేని సంఘటనలు ఒకదాని మీద ఒకటి రావడమే పిల్లల మనసును ఎక్కువ అలసటకు గురిచేస్తుందని సూచించింది. నీ స్క్రిప్టులో గూడబాతు (పెలికాన్) మబ్బు మీద కూర్చుని ఊయల ఊగే దృశ్యం ఎంత నెమ్మదిగా నడిచినా తీసేయమని చెప్పడానికి నాకున్న కారణం ఇదే. మబ్బు బరువు మోయదని పిల్లలకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. తెలిసినదాన్ని తారుమారు చేస్తే వాళ్లు నవ్వవచ్చు గానీ కుదురుకోరు.

అసలు ఆ ఊయల అవసరం లేదు, పక్షుల నిజమైన నడవడిలోనే నీకు కావలసినదంతా ఉంది. గూడబాతు పిల్ల ఆకలేస్తే తల్లి ముక్కు కింది సంచిలోకి తలదూర్చి చేపను అందుకుంటుంది. మొదటిసారి చూసిన పసివాడికి తల్లి పిల్లను మింగేస్తున్నట్టే కనబడుతుంది. కనుక ఆ షాట్‌ను తల బయటికి వచ్చేదాకా కత్తిరించవద్దు. అదే దృశ్యాన్ని అదే కోణం నుంచి రెండోసారి చూపించు. మూడోసారి తల్లి నోరు తెరిచేసరికి తల ఎప్పుడు బయటికి వస్తుందో పిల్లలే చెబుతారు. పెద్దవాళ్లకు ఈ పునరుక్తి విసుగు. పిల్లలకు అదే ధైర్యం. ఎర్రకాళ్ల కొంగ మధ్యాహ్నపు ఎండలో గూటి మీద రెక్కలు పరిచి పిల్లలకు నీడనిస్తుంది. దీనికి నువ్వు రెండు సెకన్లు కూడా ఇవ్వలేదు, నేనైతే నలభై ఇస్తాను. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చే నత్తగుల్ల కొంగకు ముక్కు మధ్యలో సందు ఉంటుంది, పిల్లకు ఆ సందు ఉండదు, పెరిగే కొద్దీ ఏర్పడుతుంది. నువ్వు పిల్లకు కూడా సందు గీయమన్నావు.

ఇంకొక మాట. ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని మన ప్రాంతంలో చాలామంది చెబుతారు, పత్రికల్లోనూ ఆ మాట వస్తుంటుంది. గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఈ ఉపఖండంలో పుట్టి పెరిగేవే. నీరూ మేతా ఉన్న చోటును బట్టి ఇక్కడిక్కడే తిరుగుతూ గూళ్లు కట్టుకుంటాయి. మంచుకొండల మీదుగా ఎగిరివచ్చే నీ మొదటి నిమిషం చూడముచ్చటగా ఉన్నా నిజం కాదు. టెక్కలి వైపు కోతకు వచ్చిన వరిచేల మీదుగా వాటిని రానివ్వు. ఆ కాలంలో కోయిల పాట మాత్రం పెట్టవద్దు, అది ఎండాకాలపు గొంతు.

శబ్దం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. "వెనుక మృదువైన సంగీతం" అని నువ్వు ప్రతి పుటలో రాశావు. పది నిమిషాల పాటు ఆగకుండా మోగే సంగీతం ఎంత మృదువైనదైనా వినికిడిని మొద్దుబారుస్తుంది. పెద్ద కొంగలు దాదాపు మూగవి, గూటి దగ్గర ముక్కులు టకటక కొట్టడమే వాటి భాష, పిల్లలదే అల్లరంతా. ఈ తేడా ఒక్కటే నీ శబ్దపు గడిని సగం నింపగలదు. తాటాకు మీద చినుకు, గడ్డిలో చినుకు, చెరువులో చినుకు వేరువేరుగా వినిపిస్తాయని రికార్డు చేసేవాళ్లకు నువ్వు రాసి చెప్పకపోతే మూడింటికీ ఒకే వాన వాడతారు. వాద్యం కావాలనుకుంటే బొబ్బిలి వీణ చాలు. ఒక తీగ మీటి, ఆ నాదం పూర్తిగా అణగిపోయేదాకా ఆగి, ఆ తరువాతే రెండోది మీటాలి. పనస మొద్దు నుంచి తొలిచిన ఆ వాద్యంలో నాదం చాలాసేపు నిలుస్తుంది.

మాట లేకపోవడం వల్ల శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రత్యేక ప్రయోజనం ఉంది. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు, మందస కొండల్లో సవర మాట్లాడే పిల్లలు తెలుగు పిల్లలతో సమానంగా ఈ చిత్రాన్ని అందుకోగలరు. కనుక తెర మీద తెలుగు అక్షరాలతో బోర్డులు, గోడ రాతలు పెట్టి మళ్లీ దొడ్డిదారిన భాషను తీసుకురావద్దు.

ప్రమాదం గురించి. ఐదో నిమిషంలో పెట్టిన గాలివానను సాదా వానగా మార్చు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను ఎలా కూల్చిందో ఆ పిల్లల తల్లులు చూశారు. ఆ గాలి హోరు వినగానే పక్కన కూర్చున్న తల్లి ఒళ్లు బిగుసుకుంటుంది, పిల్ల తెరను వదిలి తల్లి ముఖం చూస్తుంది. మెరుపులు కూడా వరుసగా వద్దు, తెర మీద వెలుగు సెకనుకు మూడుసార్లకు మించి మినుకుమనకూడదన్నది అంతర్జాతీయంగా పాటించే ప్రమాణం. 1997 డిసెంబరులో జపానులో ఒక బొమ్మల ధారావాహికలో ఎరుపు, నీలం కాంతులు వేగంగా మారడం వల్ల 600 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలే.

రెండో చిత్రంగా తాబేళ్ల కథ రాస్తానన్నావు. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలు గోతిని ఇసుకతో కప్పి సముద్రంలోకి వెళ్లిపోతుంది, తిరిగి రాదు. ఆరేడు వారాల తరువాత పిల్లలు తమంతట తామే బయటపడి, చీకట్లో వెలుగుగా కనబడే సముద్రం వైపు పాకుతాయి. తల్లి నీళ్లలో ఎదురుచూసి పిల్లలను గుండెకు హత్తుకునే ముగింపు నువ్వు ఇప్పటికే ఆలోచించి ఉంటావని నా అనుమానం. తల్లి లేని కథ పసివాళ్లకు బరువేమో గానీ, లేని తల్లిని తెచ్చిపెట్టడం కంటే ఈ కథను ఏడెనిమిదేళ్ల పిల్లలకు దాచి ఉంచడం నయం.

పక్షుల స్క్రిప్టు ముఖపత్రం మీద "ఆరు నెలల పసిపాపల నుంచి" అని ఉంది, దాన్ని కొట్టివేయి. రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంటకు మించవద్దనీ, అంతకన్నా తగ్గితే మరీ మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంటలో మనం అడుగుతున్నది పది నిమిషాలే కనుక పిల్ల లేచి వెళ్లగలిగేలా ముగించడం కూడా మన బాధ్యతే. చివరి నిమిషంలో కొత్త పక్షి, కొత్త శబ్దం, కొత్త రంగు ఏదీ రాకూడదు, అప్పటిదాకా వినిపించినవి ఒక్కొక్కటిగా తగ్గుతూ పోవాలి. నీ స్క్రిప్టు చివర కనిపించే ఆ కుందేలు రెండో భాగానికి ఎర అని నాకు అర్థమైంది, పిల్లలకూ అర్థమవుతుంది, అందుకే ఇంకొకటి పెట్టమని ఏడుస్తారు.

స్టోరీబోర్డు (దృశ్యాలను వరుసగా గీసిన బొమ్మలు) సిద్ధమయ్యాక దాన్ని సెకన్ల ప్రకారం వరుసగా కూర్చిన యానిమాటిక్‌ను మీ ఊరి అంగన్‌వాడీ పిల్లలకు చూపించి, నువ్వు తెరను కాకుండా వాళ్లను చూడు. ఎక్కడ తల తిప్పారో, ఎక్కడ వేలు చూపించారో సెకన్ల గడి పక్కనే రాసుకో. నచ్చిందా అని అడగవద్దు, ఆ వయసు పిల్లలు అందరికీ అవుననే చెబుతారు.

మూడో గడి నింపిన ప్రతిని సంక్రాంతిలోగా పంపగలిగితే చదివి పెడతాను. ఏడో నిమిషంలో చెట్టెక్కే పామును ఉంచాలా వద్దా అన్నది నేను ఇంకా తేల్చుకోలేదు. అది గూటి దాకా వెళ్లి ఏం చేస్తుందో నువ్వు రాయలేదు కనుక, ముందు అది రాసి పంపు.

శుభాభినందనలతో,
నీ శ్రేయోభిలాషి