ఉద్యోగం మానేసి ఆరోవిల్ వెళ్లిపోవచ్చా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈ పరుగు నావల్ల కావడం లేదు. అన్నీ వదిలేసి, పుదుచ్చేరి దగ్గర అందరూ కలిసి బతికే ఆరోవిల్ అనే ఊళ్లో ఉండిపోవాలనుంది. అమ్మానాన్నలు ససేమిరా అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు జీతం లేని సెలవు అడగండి. రెండు మూడు నెలలు అక్కడ వాలంటీరుగా ఉండి రండి. జనవరిలో పుదుచ్చేరి పరిసరాలు ఎవరికైనా నచ్చుతాయి. మే ఎండలో ఎర్రమట్టి దారిన సైకిలు తొక్కి, చెట్ల పాదులకు ఎండుటాకులు కప్పాక కూడా ఉండాలనిపిస్తే అప్పుడు ఆలోచించండి.

ఇక డబ్బు. 1968లో మొదలైన ఆ ఊరి ఆస్తులు 1988 చట్టం ప్రకారం ఆరోవిల్ ఫౌండేషన్ అనే సంస్థవి. మీ డబ్బుతో కట్టినా ఇల్లు మీది కాదు, అమ్ముకోలేరు, వారసులకు రాయలేరు. ఆ సొమ్ము తిరిగొస్తుందని లెక్కేసుకోవద్దు. కొత్తవాళ్లు మొదట్లో తమ ఖర్చు తామే పెట్టుకోవాలి కాబట్టి ఏడాదిన్నరకు సరిపడా చేతిలో ఉండాలి. చదువు అప్పుంటే అది తీరేదాకా ఆగండి.

కంపెనీ ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి. ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది మరి, అంటే కొంతకాలం దాకా వాటి ఖర్చు బీమా ఇవ్వదు. పీఎఫ్ కదపొద్దు, అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది.

అక్కడ గొడవలుండవనుకుంటే పొరపాటే. 2021 డిసెంబరులో రోడ్డు కోసం చెట్లు కొట్టడంపై పెద్ద రగడే జరిగింది. ఊరి సంగతులు తేల్చే మీటింగులంటే పడకపోతే అక్కడ ఇంకా కష్టం!

అమ్మానాన్నలను వాదించి ఒప్పించలేరు. ఓ వారం వెంటబెట్టుకెళ్లి, అక్కడి ఉమ్మడి భోజనశాల సోలార్ కిచెన్‌లో భోజనం పెట్టించండి.