మెయిల్ సర్వర్ పొడవైన డొమైన్ పేరును ఎందుకు చేర్చుకోదు?

డొమైన్ పేరు చుక్కలతో కలిపి 253 అక్షరాల దాకా ఉండొచ్చు. అంతలోపు పేరును మీ మెయిల్ సర్వర్ తీసుకోవడం లేదంటే సాధారణంగా లోపం డేటాబేస్ కాలమ్ సైజులోనో, పేరును తనిఖీ చేసే కోడ్‌లోనో ఉంటుంది.

ఉదాహరణకు కాలమ్ వార్‌క్యార్(50), అంటే 50 అక్షరాల దాకా పట్టేది అనుకుందాం. 58 అక్షరాల పేరు ఇస్తే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ స్ట్రిక్ట్ మోడ్‌లో (సరిపోని డేటాను ఒప్పుకోని సెట్టింగ్) ఎర్రర్ చూపిస్తుంది. ఆ మోడ్ లేకపోతే చివరి 8 అక్షరాలు కోసేసి వార్నింగ్‌తో వదిలేస్తుంది. అసలు ప్రమాదం ఇదే: డొమైన్ చేరినట్టే ఉంటుంది, దానికి వచ్చే మెయిల్ మాత్రం తిరస్కరణకు గురవుతుంది.

బ్యాకప్ తీసుకుని డొమైన్, మెయిల్‌బాక్స్, ఏలియస్ (మెయిల్‌ను వేరే చిరునామాకు పంపే మారుపేరు) టేబుళ్లన్నింటిలో ఆ కాలమ్‌ను 255కు పెంచండి. ఒక్కదాన్నే మారిస్తే మిగతా చోట్ల పేరు మళ్లీ తెగుతుంది. అయితే మైఎస్‌క్యూఎల్ డేటాను దాచే ఇంజిన్ ఇన్నోడీబీ పాత వెర్షన్లలో ఇండెక్స్ (వేగంగా వెతకడానికి వాడే సూచిక) పరిమితి 767 బైట్లు. అక్షరానికి 4 బైట్ల దాకా తీసుకునే యూటీఎఫ్8ఎంబీ4 క్యారెక్టర్ సెట్‌లో 255 అక్షరాలకు 1020 బైట్లు పడతాయి, అంటే ఆ పరిమితి దాటుతుంది. అందుకే ఈ కాలమ్‌కు అక్షరానికి ఒక్క బైటే పట్టే ఆస్కీ క్యారెక్టర్ సెట్ పెట్టడం మేలు.

63 అక్షరాలే మొత్తం పేరుకు హద్దు అని చాలామంది అనుకుంటారు. అది చుక్కకూ చుక్కకూ మధ్య ఉండే ఒక్కో భాగానికి మాత్రమే. తెలుగు డొమైన్లకైతే పొడవును ప్యూనీకోడ్‌లోకి (ఇతర లిపుల పేర్లను ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలతో రాసే రూపం) మార్చాకే లెక్కపెట్టాలి.