అనాథాశ్రమానికి వెళ్లబోయే ముందు

అమ్మలూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడు వారాల సెలవు దొరికిందనీ, నేపాల్‌లోనో కంబోడియాలోనో ఏదో ఒక అనాథాశ్రమంలో పిల్లలతో గడిపి వస్తాననీ, ఏమేం పట్టుకెళ్లాలో చెప్పమనీ రాశావు. సామాన్ల సంగతి చివర్లో చెప్తాను, అది రెండు ముక్కల్లో తేలిపోతుంది. అసలు వెళ్లాలా వద్దా అన్నది ముందు తేలాలి. నీ వయసులో నేను ఆ ప్రశ్న వేసుకోకుండానే బయల్దేరాను. కాబట్టి ఇది కోప్పడుతూ రాస్తున్న ఉత్తరం కాదు.

నేను ఉన్నది మూడు నెలలు. మొదటి రోజు గేటు తీయగానే నాలుగేళ్ల పిల్ల ఒకతె పరిగెత్తుకొచ్చి నా నడుం వాటేసుకుంది. నేనెవరో కూడా తెలీదు దానికి. నాలో ఏదో మహిమ ఉందనుకుని ఆ రాత్రి మురిసిపోయాను. తర్వాత ఏళ్ల తరబడి పిల్లల సంరక్షణ పనిలో ఉన్నాక గానీ నాకు ఆ కౌగిలి అర్థం కాలేదు. ఇంట్లో పెరిగే నాలుగేళ్ల పిల్ల కొత్త మనిషిని చూస్తే అమ్మ వెనక్కి వెళ్లి దాక్కుంటుంది, కాసేపు తొంగి చూస్తుంది, ఆ తర్వాతే దగ్గరికొస్తుంది. అలా దాక్కోని పిల్లని చూసినప్పుడు మనం మురిసిపోకూడదు, కంగారుపడాలి. వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోతుంటే, దొరికిన కాసేపట్లో దొరికినంత ప్రేమ లాక్కోవడం ఆ పిల్ల నేర్చుకుంది. నేను కూడా తొంభయ్యో రోజున వెళ్లిపోయాను. గేటు దగ్గర అది ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇది నా ఒక్కదాని ఊహ కాదులే. రొమేనియాలో 1989లో నియంత చౌషెస్కు ప్రభుత్వం కూలినప్పుడు లక్షకు పైగా పిల్లలు అక్కడి శిశుగృహాల్లో ఉన్నట్టు బయటపడింది. 2000లో ఆ దేశ రాజధాని బుకారెస్ట్‌లో పరిశోధకులు అలాంటి గృహాల్లోని 136 మంది పసివాళ్లలో సగంమందిని పెంపుడు కుటుంబాల్లో ఉంచి, మిగతావాళ్లతో పోల్చి చూడటం మొదలుపెట్టారు. రెండేళ్లు నిండక ముందే కుటుంబంలోకి చేరిన పిల్లలు ఒక మనిషిని నమ్ముకుని ఉండటం మిగతావాళ్లకంటే బాగా నేర్చుకున్నారు. తిండీ, పడకా ఉన్నా సరే, రోజూ లేవగానే అదే మొహం కనబడాలి పసివాళ్లకి. మూడు వారాల మనిషి ఆ మొహం కాలేదు కదా.

ఇంకో విషయం నన్ను ఎక్కువ బాధపెట్టింది. అనాథలు అనుకుని మనం వెళ్తామా, వాళ్లలో చాలామందికి అమ్మో నాన్నో బతికే ఉంటారు. కంబోడియాలో 2005 నుంచి 2010 మధ్య ఆశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగిందని యునిసెఫ్ చెప్పింది. అక్కడున్న పిల్లల్లో దాదాపు నాలుగింట మూడువంతుల మందికి తల్లిదండ్రుల్లో ఒకరైనా ఉన్నారు. అనాథలు పెరిగి ఆశ్రమాలు పెరగలేదు, చూడటానికొచ్చే పర్యాటకులు పెరగడం వల్ల పెరిగాయి. నేపాల్‌లో 1996 నుంచి 2006 దాకా సాగిన అంతర్యుద్ధకాలంలో హుమ్లా లాంటి మారుమూల కొండ జిల్లాలకి దళారులు వెళ్లి, చదువు చెప్పిస్తామని తల్లిదండ్రుల దగ్గర డబ్బు కూడా తీసుకుని పిల్లల్ని కఠ్మాండూ తెచ్చారు. అమ్మానాన్నలు చనిపోయినట్టు దొంగ కాగితాలు పుట్టించారు. 2015 భూకంపం తర్వాత పెద్దలెవరూ లేకుండా పిల్లల్ని ఊరు దాటించకూడదని అక్కడి ప్రభుత్వం కట్టడి చేయాల్సి వచ్చింది. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం చేసినప్పుడు, ఇలా పిల్లల్ని ఆశ్రమాలకి చేరవేయడాన్ని కూడా ఆ కోవలోనే చూసింది. 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా ఈ అనాథాశ్రమ యాత్రల గురించి హెచ్చరించింది.

అన్ని ఆశ్రమాలూ మోసమని నేననను. జీతం సరిగ్గా రాకపోయినా పిల్లల్ని వదిలిపోని ఆయమ్మల్ని చూశాను. అందుకే ముందు వాళ్లకి ఉత్తరం రాసి కొన్ని ప్రశ్నలు అడగమంటున్నాను. పోయినేడాది ఎంతమంది పిల్లలు తిరిగి సొంతవాళ్ల దగ్గరికి చేరారు? అయినవాళ్లు పిల్లల్ని చూడటానికి ఎప్పుడెప్పుడు వస్తారు? వాలంటీర్లు లేని నెలల్లో ఈ పనులు ఎవరు చేస్తారు? నేను కట్టే డబ్బు దేనికి ఖర్చవుతుంది? నిజంగా పిల్లల కోసం నడిచే చోటైతే నీకంటే ఎక్కువ ప్రశ్నలు వాళ్లే అడుగుతారు. పోలీస్ క్లియరెన్స్ తెమ్మంటారు, నీ గురించి తెలిసినవాళ్ల ఫోన్ నంబర్లు అడుగుతారు, పిల్లలతో ఒంటరిగా ఉండకూడదని ముందే చెప్తారు. డబ్బు కడితే చాలు, రేపే వచ్చేయండి అన్నారంటే అటు వెళ్లకు. నీకు తలుపు అంత సులువుగా తెరిచినవాళ్లు, రాకూడనివాడికీ అంతే సులువుగా తెరుస్తారు. వీసా సంగతి కూడా కనుక్కో. నేపాల్‌లో టూరిస్ట్ వీసా మీద వాలంటీర్ పని చేయడం చట్టవిరుద్ధం. ఎవరూ పట్టించుకోరులెండి అని ఆశ్రమంవాళ్లే నీకు భరోసా ఇస్తే, వాళ్లు ఇంకేమేం పట్టించుకోరో నువ్వే ఆలోచించుకో.

నీకు చేతనైన పని ఏమిటో కూడా ఒకసారి చూసుకో. లెక్కలు రాయడం, కంప్యూటర్ నేర్పడం నీకు బాగా వచ్చు. ఆ విద్య పిల్లలకి నేర్పకు, అక్కడే ఉండిపోయే సిబ్బందికి నేర్పు. నువ్వొచ్చేశాక కూడా అది అక్కడే ఉంటుంది. పిల్లల్ని ఇళ్లకి చేర్చే సంస్థలూ, పేద కుటుంబాలకి పిల్లల్ని తమ దగ్గరే ఉంచుకునేలా ఆసరా ఇచ్చే సంస్థలూ ఉన్నాయి. వాటి ఆఫీసుల్లో ఫైళ్లు సర్దే పని నీకు విసుగ్గా ఉండచ్చు. ఇంటికొచ్చి చెప్పుకోవడానికి కథలేవీ దొరకవు. ఫొటోలూ ఉండవు. అయినా నన్నడిగితే నీ మూడు వారాలు అక్కడే పెట్టమంటాను. విమానం టిక్కెట్ డబ్బు అలాంటి వాళ్లకే పంపేసి ఇంట్లో ఉన్నా నాకు సంతోషమే. నీకు కోపమొస్తుందని తెలుసు, అయినా రాస్తున్నాను.

అయినా వెళ్తానంటే, పసివాళ్ల గదిలోకి వెళ్లకు. ఏ పిల్లకైనా దెబ్బ తగిలి నీ దగ్గరికొస్తే ఆయమ్మ దగ్గరికి తీసుకెళ్లు, ఓదార్చడం ఆవిడని చేయనీ. బొమ్మలూ చాక్లెట్లూ నీ చేత్తో పంచకు, ఏమైనా ఇవ్వాలంటే ఆవిడ చేతికివ్వు. మీ అమ్మ ఎక్కడుందని పిల్లల్ని అడగకు, వచ్చిన ప్రతివాళ్లూ ఆ ప్రశ్న అడిగి ఉంటారు. పిల్లల మొహాలు కనబడే ఫొటో ఒక్కటి కూడా ఎక్కడా పెట్టొద్దు. ఎప్పుడు వెళ్లిపోతావో మొదటి రోజే చెప్పు. మళ్లీ వస్తానని మాత్రం అనకు. నేను అన్నాను. వెళ్లలేదు.

సామాన్లంటావా, ఉతికితే త్వరగా ఆరే ఒళ్లు కప్పే బట్టలు, గట్టి చెప్పులు, నీ మందులు, ఒక నోటు పుస్తకం. అంతే. ఆ ప్రశ్నలకి వాళ్లేం జవాబిచ్చారో, టిక్కెట్ కొనేలోపు నాకు చదివి వినిపించు.

నీ పెద్దమ్మ