పాప రంగు చూసి ఊళ్లో ఏమంటారో అని భయం

ప్రశ్న: ఏడేళ్లుగా ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాం. పిల్లల్లేరు. ఐవీఎఫ్‌తో విసిగిపోయి దత్తత గురించి ఒక ఏజెన్సీకి ఫోన్ చేస్తే, ‘మా దగ్గర ఎక్కువగా తెల్ల పిల్లలే ఉన్నారు, మీకు కష్టమే’ అన్నారు. ఇండియన్స్‌మని కాదనే హక్కు వాళ్లకుందా?
– ఓ పాఠకురాలు, రెడింగ్

జవాబు: లేదండీ. ఫోన్లో ఆ ఒక్క మాట వినగానే మనసు విరిగి మానేసేవాళ్లు ఉంటారు, మీరు మాత్రం మానకండి. మీకు దగ్గర్లోని మెయిడెన్‌హెడ్‌లోనే సరిగ్గా ఇలాంటి కేసు జరిగింది. సందీప్, రీనా మాండర్ అనే దంపతులు, ఇద్దరూ బ్రిటన్‌లోనే పుట్టిన సిక్కులు, ఏ జాతి బిడ్డయినా మాకు ఫర్వాలేదని చెప్పినా సరే, తెల్ల పిల్లలే ఉన్నారు కాబట్టి తెల్లవాళ్లకే ముందు అవకాశం అని చెప్పి అక్కడి దత్తత సంస్థ వాళ్లను ముందుకు పోనివ్వలేదు. వాళ్లు కోర్టుకెళ్లారు. ఇది జాతి వివక్షేనని 2019 డిసెంబరులో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు తేల్చి, దాదాపు 1,20,000 పౌండ్లు పరిహారంగా ఇప్పించింది. అందులో సుమారు సగం, ఈలోపు వాళ్లు అమెరికా నుంచి బిడ్డను తెచ్చుకోవడానికి పెట్టిన ఖర్చు కిందే.

ఏజెన్సీల వాళ్లు ఇలా ఎందుకు మాట్లాడతారంటే దాని వెనక పాత కథ ఉంది. ఒకప్పుడు నల్ల పిల్లల్ని తెల్ల ఇళ్లలో ఉంచి, రంగు ఊసే ఎత్తకుండా పెంచేవాళ్లు. బడిలో ఎవరైనా తిడితే పట్టించుకోకు అనేసేవాళ్లు. ఆ పిల్లలు పెద్దయ్యాక తాము ఎంత ఒంటరిగా పెరిగారో బయటికి చెప్పారు. అందుకే అక్కడి 1989 చట్టంలో ఫోస్టరింగ్‌కి, అంటే దత్తత కాకుండా కొంతకాలం బిడ్డను ఇంట్లో ఉంచుకుని చూసుకోవడానికి, 2002 చట్టంలో దత్తతకి, బిడ్డ మతం, జాతి, సంస్కృతి, భాష కూడా చూడాలని రాశారు. ఉద్దేశం మంచిదే, కానీ అన్నీ కలిసే ఇల్లు దొరికేదాకా ఆగుదాం అంటూ కూర్చోవడంతో ముఖ్యంగా నల్ల పిల్లలు మిగతావాళ్ల కంటే ఎక్కువ కాలం ఎదురు చూడాల్సి వచ్చింది. దాంతో 2014లో ఇంగ్లండ్‌లో దత్తతకి ఆ షరతు తీసేశారు. వేల్స్‌లో ఉంచారు, ఇంగ్లండ్‌లో ఫోస్టరింగ్‌కీ ఉంది. షరతు పోయినంత మాత్రాన బిడ్డ నేపథ్యం అసలు చూడరని కాదు, బిడ్డ మంచిచెడ్డల్లో అదీ ఒకటిగా చూస్తారు, చూడాలి కూడా. తెల్ల బిడ్డనిస్తే ఎలా పెంచుతారు, మీ స్నేహితుల్లో అన్ని రకాలవాళ్లూ ఉన్నారా అని మిమ్మల్ని గుచ్చి గుచ్చి అడిగినా తప్పులేదు. అసలు దరఖాస్తే వద్దనడం తప్పు.

వాళ్లు చెప్పింది మెయిల్‌లో రాసి పంపమనండి, చాలామందికి అప్పుడు గొంతు మారుతుంది. మీ కౌన్సిల్ తరఫు సంస్థ దగ్గరికే వెళ్లాలని రూలేం లేదు, వేరే ప్రాంతం వాళ్లనీ, స్వచ్ఛంద ఏజెన్సీలనీ అడగొచ్చు. మీకు 21 ఏళ్లు నిండాలి, కనీసం ఏడాదిగా అక్కడ స్థిర నివాసం ఉండాలి. బ్రిటిష్ పాస్‌పోర్టు తప్పనిసరి కాదు గానీ వీసా సంగతి మాత్రం అడుగుతారు. పరిశీలన రెండు దశలు, మామూలుగా రెండు నెలలు, ఆ తర్వాత నాలుగు నెలలు.

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు బర్మింగ్‌హామ్‌లో రెండేళ్ల పాపను దత్తత తీసుకుంటున్నారు. కన్నతల్లి తెల్లావిడట, తండ్రిది జమైకా అట. మన పేరు పెట్టండంటే కోడలు కుదరదంటోంది. పైగా కన్నవాళ్లకు ఏటా ఉత్తరం రాయాలట. ఇదేం దత్తతండీ? పాపను ఊరికి తీసుకొస్తే అందరికీ ఏం చెప్పాలి?
– ఎస్. లక్ష్మి, తెనాలి

జవాబు: అమ్మా, మీ కోడలు చెప్పింది నిజమే. పాపకు రెండేళ్లు, ఆ పేరుతో పిలిస్తేనే తిరిగి చూస్తుంది. పైగా కన్నతల్లి దగ్గర్నుంచి ఆ పిల్లకు మిగిలింది బహుశా ఆ పేరొక్కటే, అందుకే గట్టి కారణం లేకుండా మొదటి పేరు మార్చొద్దని సోషల్ వర్కర్లు చెబుతారు. పక్కన మీ పేరు చేర్చుకోవచ్చు, ఇంటిపేరు కోర్టు ఆర్డరు వచ్చాక మారుతుంది. బారసాల ఘనంగా చేసుకోండి, ఎవరూ అడ్డు చెప్పరు. ఇక ఉత్తరాలంటారా, అవి ఏజెన్సీ ద్వారానే వెళ్తాయి, కన్నవాళ్లకు మీవాళ్ల అడ్రసు ఇవ్వరు. పాప కథంతా ఫొటోలతో సహా ఒక పుస్తకంగా కట్టి ఇస్తారు, అది బీరువాలో పెట్టి తాళం వేయమనకండి.

అసలు భయం మీకు రంగు గురించి, అవునా? సూటిగా అంటున్నాను, ఏమీ అనుకోకండి. పాప పూర్తిగా తెల్లగా ఉంటే ఈ ఉత్తరం రాసేవారా? దొరసానిలా ఉందని ఊరంతా మురిసిపోయేది. మన ఇళ్లలో పసిబిడ్డ పుట్టగానే చెవుల వెనక చూసి రంగు లెక్కకట్టేవాళ్లున్నారు, సున్నిపిండి పెట్టి రుద్దితే తేలుతుందిలే అనేవాళ్లున్నారు. ఆ మాటలు పాపకు తెలుగు రాదు కదా అని ఆమె ముందు అనకూడదు, రెండేళ్ల పిల్లకు మాట అర్థం కాకపోయినా మొహాలు అర్థమవుతాయి. ఎవరైనా అంటే ‘మా మనవరాలు’ అని గట్టిగా చెప్పండి, అంతకు మించి ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు. కన్నవాళ్లెవరో ఊళ్లోవాళ్లకు చెప్పకండి, అది పాప సొంత విషయం, చెప్పాలో వద్దో పెద్దయ్యాక తనే చూసుకుంటుంది.

ఇంకోటి, జుట్టు. బిగుతు ఉంగరాల జుట్టయితే మనలా రోజూ తలస్నానం, సన్నపళ్ల దువ్వెన పనికిరావు. తడిగా ఉండగా కండిషనర్ రాసి, వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీయాలి. బర్మింగ్‌హామ్‌లో జమైకా లాంటి కరీబియన్ దీవుల నుంచి వచ్చిన కుటుంబాలు బోలెడు, జడలు వేయడం వాళ్ల దగ్గర నేర్చుకోమని కోడలికి చెప్పండి. ఆ వంకతో పాపకు తనలాంటి మనుషులతో పరిచయం కూడా అవుతుంది.

ప్రశ్న: దత్తత కోసం ‘కారా’లో, అదే దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థలో, నమోదు చేసుకుంటున్నాం. మా కులం బిడ్డే కావాలని అడగొచ్చా?
– ఒక జంట, హైదరాబాద్

జవాబు: కుదరదు. వయసు, ఆడా మగా, ఏ రాష్ట్రం, ఆరోగ్య పరిస్థితి, ఇవే అడుగుతారు. బిడ్డ వివరాలు, ఫొటో చూశాక 48 గంటల్లో అవునో కాదో చెప్పాలి. కులం లెక్క తేలితే గానీ మనసు ఒప్పుకోదంటే మాత్రం దరఖాస్తు ఇప్పుడే పెట్టకండి.